మూలుగ కణాలు, దెబ్బతిన్న నాడులు: బోధన్ చెరకు ప్రాంత విస్తరణ సేవలకు ఒక అధ్యయన పాఠం

సారాంశం

ఎముక మజ్జలోని మూలకణాలు దెబ్బతిన్న నాడీకణాలను కాపాడగలవని ప్రయోగశాలలోను, జంతువులలోను జరిగిన పరిశోధనలు సూచిస్తున్నాయి. అయితే ఆ కణాలు కొత్త నాడులుగా మారవు. తాము స్రవించే పదార్థాల ద్వారా, కొద్దికాలం పాటు, ఇంకా ప్రాణం నిలిచి ఉన్న నాడీకణాలకు అండగా ఉంటాయి. మనుషులలో జరిగిన పెద్ద నియంత్రిత పరీక్షలు ఆశించిన మేలును ఇంతవరకు నిరూపించలేదు. పురుగుమందుల విషప్రభావం వలన కాళ్లు, చేతులు బలహీనపడిన వ్యవసాయ కుటుంబాలు మూలకణ చికిత్స పేరుతో అప్పుల పాలు కాకుండా చూడవలసిన బాధ్యత విస్తరణ శాస్త్రవేత్తలపై కూడా ఉన్నది. అందుకు కావలసిన శాస్త్రీయ ప్రాతిపదికను ఈ వ్యాసం వివరిస్తున్నది.

ముఖ్య పదాలు: ఎముక మజ్జ, మూలకణాలు, నాడీ రక్షణ, ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు, చెరకు, బోధన్

పరిచయం

మంజీరా నదిపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయం, 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నెలకొల్పిన నిజాం చక్కెర కర్మాగారం కలిసి నిజామాబాద్ ప్రాంత వ్యవసాయ స్వరూపాన్నే మార్చివేశాయి. కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడిన తరువాత చెరకు విస్తీర్ణం తగ్గి, చాలా పొలాలు వరికి మారాయి. పంట మారినా పురుగుమందు వాడకం మాత్రం ఆగలేదు. చెరకులో చెదలకు, పీక పురుగుకు వాడిన మందులకు తోడు వరిలో కాండం తొలుచు పురుగుకు, సుడిదోమకు వాడే మందులు చేరాయి. ఈ మందులలో అనేకం కీటకాల నాడీమండలంపై పనిచేసేవే. మందు కలిపే చేయి, పిచికారీ చేసే శరీరం మనిషివి కాబట్టి ఆ ప్రభావం మనిషి నాడులకూ చేరుతుంది.

ఒక సందర్భాన్ని ఊహించుకుందాం. బోధన్ పరిసర గ్రామంలో ఒక రైతు తీవ్రమైన పురుగుమందు విషప్రభావానికి లోనై, నిజామాబాద్ ఆసుపత్రిలో చికిత్స పొంది ప్రాణాపాయం నుండి బయటపడ్డాడు. ఇంటికి వచ్చిన మూడవ వారంలో పిక్కలు పట్టేశాయి, అరికాళ్లు తిమ్మిరెక్కాయి, పాదం నేలకు ఈడ్చుకుపోతున్నది. ‘బొక్కలోని మూలుగ తీసి ఎక్కిస్తే నరాలు మళ్లీ పుట్టుకొస్తాయట’ అని ఎవరో చెప్పారు. అందుకు లక్షల రూపాయలు కావాలి. రెండెకరాల పొలం అమ్మకానికి పెట్టడానికి ముందు ఆ కుటుంబం గ్రామానికి వచ్చిన వ్యవసాయ విస్తరణ అధికారిని సలహా అడిగింది. ఆ అధికారి వైద్యుడు కాడు. కాని ఆ రోజు ఆయన చెప్పే మాట ఆ పొలం భవితవ్యాన్ని నిర్ణయించవచ్చు. ఆ మాట శాస్త్రబద్ధంగా ఉండాలంటే నాడి ఎలా దెబ్బతింటుందో, మూలుగ కణం నిజంగా ఏమి చేయగలదో ఆయనకు తెలిసి ఉండాలి.

నాడీకణ నిర్మాణం: చివరి ఆయకట్టు సమస్య

నాడీకణానికి కేంద్రకం ఉండే దేహభాగం ఒకటి, దాని నుండి సాగే పొడవైన అక్షతంతువు ఒకటి ఉంటాయి. పాదాన్ని కదిలించే నాడీకణం దేహం వెన్నుపాములో ఉంటే, దాని అక్షతంతువు పాదం వరకు, అంటే సుమారు ఒక మీటరు దూరం సాగుతుంది. అక్షతంతువుకు కావలసిన ప్రోటీన్లలో అధికభాగం కణదేహంలోనే తయారై, తంతువు వెంట చివరి వరకు రవాణా కావాలి. ఈ ఏర్పాటు నిజాంసాగర్ కాలువను తలపిస్తుంది. జలాశయంలో మట్టం తగ్గినా, నడుమ గండి పడినా ముందుగా ఎండేది చివరి ఆయకట్టే. విషపదార్థాల వలన గాని, మధుమేహం వలన గాని నాడి దెబ్బతిన్నప్పుడు తిమ్మిరి, బలహీనత సాధారణంగా పాదాలలోనే మొదలై పైకి పాకడానికి కారణమిదే.

కోలుకొనే శక్తి విషయంలో నాడులు రెండు విధాలు. కాళ్లు, చేతులలోని పరిధీయ నాడులలో అక్షతంతువు తెగినా, కణదేహం జీవించి ఉంటే తంతువు మళ్లీ పెరగగలదు. దాని చుట్టూ ఉండే ష్వాన్ కణాలు శిథిలాలను తొలగించి, పెరుగుదల కారకాలను స్రవించి, తంతువుకు దారి చూపుతాయి. ఈ పెరుగుదల రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే. మోకాలి నుండి పాదం వరకు 40 సెంటీమీటర్లనుకుంటే ఆ దూరం నిండడానికి ఏడాదికి పైగా పడుతుంది. మెదడు, వెన్నుపాములలో పరిస్థితి భిన్నం. అక్కడ తెగిన అక్షతంతువులు దాదాపుగా తిరిగి పెరగవు. మరణించిన నాడీకణం స్థానంలో కొత్తది రావడం అరుదు. కాబట్టి నాడీ వైద్యంలో పునర్నిర్మాణం కన్నా రక్షణకే ప్రాధాన్యం ఎక్కువ. పోయినదాన్ని తేవడం కష్టం కనుక, దెబ్బతిని కొనఊపిరితో ఉన్నదాన్ని నిలబెట్టుకోవాలి.

ఆర్గానోఫాస్ఫేట్ల వలన నాడులకు కలిగే హాని

క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్, మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఎసిటైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైమును నిరోధిస్తాయి. ఫలితంగా నాడీ సంధుల వద్ద ఎసిటైల్ కోలిన్ పేరుకుపోతుంది. మనుషులలో ఈ విషప్రభావం మూడు దశలలో వ్యక్తం కావచ్చు. ఈ మూడింటి తేడా తెలియకపోవడం వలననే గ్రామాలలో అపోహలు పుడుతున్నాయి.

మొదటిది తక్షణ దశ. నిమిషాల నుండి గంటల వ్యవధిలో చెమట, నోట నురుగు, వాంతులు, కనుపాపలు కుంచించుకుపోవడం, కండరాల అదురు, శ్వాస ఇబ్బంది కనిపిస్తాయి. అట్రోపిన్, ఆక్సిజన్, అవసరమైతే కృత్రిమ శ్వాస ఈ దశలో ప్రాణాన్ని కాపాడతాయి.

రెండవది మధ్యంతర దశ. దీనిని 1987లో శ్రీలంక వైద్యులు సేనానాయకే, కరళ్లియద్ద వర్ణించారు. విషం సోకిన 24 నుండి 96 గంటల మధ్య, తక్షణ లక్షణాలు తగ్గిన తరువాత, మెడ, భుజాలు, తొడలు, శ్వాస కండరాలు బలహీనపడతాయి. రోగి తల ఎత్తలేకపోవడం దీని తొలి గుర్తు. ‘బాగయ్యాడు’ అని మరుసటి రోజే ఇంటికి తీసుకువెళ్లడం ప్రమాదకరమైనది ఇందువల్లనే.

మూడవది ఆలస్య నాడీ వ్యాధి. సాధారణంగా రెండు, మూడు వారాల తరువాత మొదలవుతుంది. ఇందులో హానికి గురయ్యేది కోలినెస్టరేజ్ కాదు; న్యూరోపతీ టార్గెట్ ఎస్టరేజ్ అనే వేరొక ఎంజైము. పొడవైన అక్షతంతువులు చివరల నుండి వెనక్కు క్షీణిస్తాయి. 1930లో అమెరికాలో అల్లం సారంతో తయారైన ఒక ద్రావణంలో ట్రై ఆర్థో క్రెసిల్ ఫాస్ఫేట్ కల్తీ కావడంతో వేలాది మందికి కాళ్లు చచ్చుబడిన ఘటన ఈ వ్యాధికి చరిత్రలో నిలిచిన ఉదాహరణ. అన్ని ఆర్గానోఫాస్ఫేట్లు దీనికి సమానంగా కారణం కావు. క్లోర్‌పైరిఫాస్, డైక్లోర్‌వాస్, ట్రైక్లోర్‌ఫాన్ వంటివి అధిక మోతాదులో శరీరంలోకి ప్రవేశించి, చికిత్సతో బ్రతికిన వారిలో ఇది నమోదయింది. అట్రోపిన్ గాని, ప్రాలిడాక్సిమ్ గాని దీనిని నివారించలేవు. కాళ్లలోని స్పర్శజ్ఞానం, కొంత బలం నెలల తరబడి మెల్లగా తిరిగి రావచ్చు. వెన్నుపాములోని తంతువులు కూడా దెబ్బతింటే కాళ్ల బిగువు శాశ్వతంగా మిగలవచ్చు.

మూలకణ చికిత్స పేరు గ్రామాలలో వినవచ్చేది ఈ మూడవ దశలోనే. మందుల చీటీ ముగిసి, నడక మాత్రం తిరిగి రాని ఆ విరామంలో కుటుంబం ఏ ఆశనైనా పట్టుకోవడానికి సిద్ధంగా ఉంటుంది.

మూలుగలో ఉన్న రెండు రకాల మూలకణాలు

ఎముక మజ్జలో ప్రధానంగా రెండు రకాల మూలకణాలున్నాయి. మొదటివి రక్త మూలకణాలు. ఇవి ఎర్ర, తెల్ల రక్తకణాలను, రక్తఫలకికలను జీవితాంతం ఉత్పత్తి చేస్తాయి. రక్త క్యాన్సర్లు, తలసీమియా వంటి వ్యాధులలో చేసే మజ్జ మార్పిడి వీటిపై ఆధారపడినదే. దానికి బాటలు వేసిన డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి లభించింది. భారతదేశంలో తొలి మజ్జ మార్పిడి 1983లో ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో జరిగింది.

రెండవవి మీసెంకైమల్ కణాలు. 1960లు, 70లలో సోవియట్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫ్రీడెన్‌స్టైన్ మజ్జ నుండి పాత్ర అడుగుకు అంటుకొని పెరిగే కణాలను వేరుచేసి, అవి ఎముకను నిర్మించగలవని చూపారు. 1991లో అమెరికన్ శాస్త్రవేత్త ఆర్నాల్డ్ కాప్లాన్ వీటికి మీసెంకైమల్ మూలకణాలు అనే పేరు ప్రచారంలోకి తెచ్చారు. ఇవి ఎముక, మృదులాస్థి, కొవ్వు కణాలుగా మారగలవు. మజ్జలోని ఏకకేంద్రక కణాలలో వీటి వాటా 0.001 నుండి 0.01 శాతం మాత్రమే. అంటే పదివేల నుండి లక్ష కణాలకు ఒకటి. కటి ఎముక నుండి సూదితో మజ్జను తీసి, ప్రయోగశాలలో కొన్ని వారాలు పెంచితే గాని చికిత్సకు సరిపడే సంఖ్య సమకూరదు. తీసిన గంటలోనే ‘మూలకణాలు ఎక్కించాము’ అనే చోట ఎక్కించేది సాధారణంగా మజ్జలోని కలగలుపు కణాలనే. ఈ తేడాను విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

రక్షణ జరిగే విధానం

2000 సంవత్సరంలో ఎలుకలలో మజ్జ కణాలు మెదడుకు చేరి నాడీకణ లక్షణాలు ప్రదర్శించాయని రెండు పరిశోధక బృందాలు ప్రకటించడంతో గొప్ప ఆశలు చిగురించాయి. మజ్జ కణం నాడీకణంగా మారిపోతుందని భావించారు. 2002, 2003 సంవత్సరాలలో వెలువడిన ప్రయోగాలు వేరొక వివరణను ముందుకు తెచ్చాయి. చాలా సందర్భాలలో మజ్జ కణం అప్పటికే ఉన్న కణంతో విలీనమై, దాని గుర్తులను ధరించింది. అది కొత్త నాడీకణం కాదు.

అయినా జంతువులకు మేలు జరిగిన మాట వాస్తవం. డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ సంస్థలో మైకేల్ చాప్ బృందం మెదడులో రక్తనాళం మూసుకుపోయిన ఎలుకలకు మజ్జ కణాలను ఎక్కించగా వాటి కదలికలు మెరుగుపడ్డాయి. మెదడులో మిగిలిన మజ్జ కణాలు మాత్రం కొద్ది. నాడీకణాలుగా మారకుండా, ఎక్కువ కాలం నిలవకుండా ఈ కణాలు మేలు ఎలా చేశాయి?

వ్యవసాయ విద్యార్థికి ఈ ప్రశ్నకు సమాధానం సుపరిచితమైనదే. చెరకు వేరు మండలంలో అజోస్పైరిల్లమ్ బాక్టీరియా వేరుగా మారదు. అది స్రవించే ఆక్సిన్లు, స్థిరీకరించే నత్రజని వేరు పెరుగుదలకు తోడ్పడతాయి. వేరు చచ్చిన తరువాత ఎంత అజోస్పైరిల్లమ్ వేసినా మొక్క లేవదు. మీసెంకైమల్ కణం నాడికి చేసే సాయం ఈ కోవకు చెందినది. దానిలో నాలుగు మార్గాలను పరిశోధకులు గుర్తించారు.

ఒకటి, పోషక కారకాల స్రావం. మెదడు జన్య నాడీపోషక కారకం, గ్లియల్ కణ జన్య కారకం, నాడీ పెరుగుదల కారకం, రక్తనాళ పెరుగుదల కారకం వంటి ప్రోటీన్లను ఈ కణాలు విడుదల చేస్తాయి. ఇవి నాడీకణంలో ఆత్మవినాశన ప్రక్రియను అణచివేస్తాయి.

రెండు, వాపు నియంత్రణ. గాయం తరువాత మైక్రోగ్లియా, తెల్లకణాలు విడుదల చేసే రసాయనాలు తొలి దెబ్బలో బ్రతికిన నాడీకణాలను కూడా చంపుతాయి. మీసెంకైమల్ కణాలు ఈ రెండవ తరంగాన్ని తగ్గిస్తాయి.

మూడు, సూక్ష్మ కోశాలు. ఎక్సోసోములనే అతిసూక్ష్మ సంచులలో ఆర్‌ఎన్‌ఏ ముక్కలను, ప్రోటీన్లను ఇరుగుపొరుగు కణాలకు చేరవేస్తాయి. కణాన్ని ఎక్కించకుండా ఈ సంచులను మాత్రమే ఇచ్చినా కొన్ని జంతు ప్రయోగాలలో సమానమైన ఫలితం కనిపించింది.

నాలుగు, మైటోకాండ్రియా దానం. శక్తి కేంద్రాలు చెడిన కణాలకు మీసెంకైమల్ కణాలు తమ మైటోకాండ్రియాను అందించగలవని 2006లో ప్రయోగశాలలో చూపారు.

నరంలోకి ఎక్కించిన కణాలలో అధికభాగం మొదట ఊపిరితిత్తులలోని సన్నని రక్తనాళాలలో చిక్కుకొని, కొద్ది రోజులలో కనుమరుగవుతాయి. అందువల్ల వీటి ప్రభావం తాత్కాలిక సంకేతాల రూపంలోనే ఉండగలదు. ఈ కారణం చేతనే కాప్లాన్ స్వయంగా 2017లో ‘మూలకణాలు’ అనే పేరును వదలి, ‘ఔషధ సంకేత కణాలు’ అని పిలవడం సముచితమని సూచించారు. పేరు పెట్టిన వ్యక్తే దానిని మార్చమనడం ఈ రంగంలో అవగాహన ఎంత మారిందో తెలుపుతుంది.

మనుషులలో పరీక్షల ఫలితాలు

ఎలుకలో కనిపించిన మేలు మనిషిలో నిలుస్తుందా అన్నది యాదృచ్ఛిక నియంత్రిత పరీక్షలే తేల్చాలి. కొత్త చెరకు రకాన్ని ఒక రైతు పొలంలో చూసి విడుదల చేయరు. నియంత్రణ రకంతో పాటు, పునరావృతులతో, అనేక ప్రదేశాలలో పరీక్షిస్తారు. ఇక్కడా అదే సూత్రం.

భారతదేశంలో ఢిల్లీ ఎయిమ్స్ నాయకత్వాన ఐదు కేంద్రాలలో 120 మంది పక్షవాత రోగులపై జరిగిన పరీక్ష ఫలితాలు 2014లో వెలువడ్డాయి. రోగుల సొంత మజ్జలోని ఏకకేంద్రక కణాలను పక్షవాతం వచ్చిన 7 నుండి 30 రోజుల మధ్య నరం ద్వారా ఇచ్చారు. చికిత్స సురక్షితమేనని తేలింది. కాని ఆరు నెలల తరువాత, కణాలు పొందినవారికి, పొందనివారికి మధ్య కోలుకోవడంలో తేడా కనిపించలేదు. కణాలను ఆలస్యంగా ఇవ్వడమే కారణమా అన్న ప్రశ్న సహజం. జపాన్‌లో 206 మందిపై జరిగిన పరీక్షలో దాతల మజ్జ నుండి తయారైన కణాలను 18 నుండి 36 గంటలలోపే ఇచ్చారు. 2024లో వెలువడిన దాని ఫలితాలలోనూ ప్రధాన లక్ష్యం నెరవేరలేదు.

చలన నాడీకణాలు క్షీణించే ఏఎల్ఎస్ వ్యాధికి, పోషక కారకాలను అధికంగా స్రవించేలా మలచిన మజ్జ కణాలతో అమెరికాలో జరిగిన మూడవ దశ పరీక్ష 2020లో లక్ష్యాన్ని చేరలేదు. 2023 సెప్టెంబరులో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ సలహా సంఘంలో 17 మంది సభ్యులు ఆ చికిత్సకు వ్యతిరేకంగా, ఒకరు అనుకూలంగా ఓటు వేశారు. ఇందుకు భిన్నంగా జపాన్ 2018 డిసెంబరులో వెన్నుపాము గాయాలకు సొంత మజ్జ కణాల చికిత్సను షరతులతో అనుమతించింది. ఆ అనుమతికి ఆధారం కేవలం 13 మంది రోగులు, అదీ పోల్చి చూసే నియంత్రణ బృందం లేకుండా. అనేకమంది శాస్త్రవేత్తలు దానిని విమర్శించారు.

ఆర్గానోఫాస్ఫేట్ వలన కలిగే ఆలస్య నాడీ వ్యాధికి నిరూపితమైన మూలకణ చికిత్స లేదు.

మూలకణ చికిత్స ఎక్కడా ఫలించలేదని దీని అర్థం కాదు. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో 2001 నుండి, సున్నం వంటి క్షారాల వలన కాలిన కళ్లకు లింబస్ మూలకణాలతో చేసిన చికిత్స ప్రపంచ ప్రసిద్ధి పొందింది. చక్కెర కర్మాగారాలలో రసాన్ని శుద్ధి చేయడానికి సున్నం వాడే ప్రాంతానికి ఈ విషయం దగ్గరిదే. లింబస్ కణాలు సహజంగా కంటి ఉపరితల పొరనే ఉత్పత్తి చేస్తాయి. రక్త మూలకణాలు రక్తాన్నే ఉత్పత్తి చేస్తాయి. చెరకు ముచ్చె మీది కన్ను నుండి చెరకే మొలుస్తుంది. తన సొంత కణజాలాన్ని పునరుద్ధరించమని కోరినప్పుడు మూలకణం స్పష్టమైన ఫలితమిచ్చింది. పరాయి కణజాలాన్ని రక్షించమని కోరినప్పుడు ఫలితం ఇంకా సందేహంలోనే ఉన్నది.

భారతదేశంలో నియమాలు

భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం 2007లో మూలకణ పరిశోధన, చికిత్సలకు మార్గదర్శకాలు ప్రకటించాయి. 2013 సవరణలో శీర్షిక నుండి ‘చికిత్స’ అనే పదాన్ని ఉద్దేశపూర్వకంగా తొలగించాయి. రక్త వ్యాధులకు చేసే రక్త మూలకణ మార్పిడి తప్ప మిగిలినవి ఇంకా పరిశోధన దశలోనే ఉన్నాయని స్పష్టం చేయడమే దాని ఉద్దేశం. 2017లో మరల సవరించిన మార్గదర్శకాలు అదే వైఖరిని కొనసాగించాయి. 2019 నూతన ఔషధాలు, క్లినికల్ పరీక్షల నియమాలు మూలకణ ఉత్పత్తులను కొత్త ఔషధాలుగా పరిగణిస్తున్నాయి. నాడీ వ్యాధులకు ఈ కణాలను ఇవ్వడం అనుమతి పొందిన పరీక్షలో భాగంగానే జరగాలి. పరీక్షలో పాల్గొనే రోగి నుండి చికిత్సకు రుసుము తీసుకోరాదు.

కాబట్టి రైతు కుటుంబం ఇటువంటి ప్రతిపాదనతో వచ్చినప్పుడు ఈ క్రింది ప్రశ్నలు అడిగి రమ్మని సూచించవచ్చు.

1. ఇది పరీక్షా, స్థిరపడిన చికిత్సా? పరీక్ష అయితే భారత క్లినికల్ పరీక్షల రిజిస్ట్రీలో దాని నమోదు సంఖ్య ఎంత?
2. నైతిక సంఘం అనుమతి పత్రం, తెలుగులో సమ్మతి పత్రం చూపగలరా?
3. పరీక్ష అయితే డబ్బు ఎందుకు అడుగుతున్నారు?
4. ఎక్కించేది పెంచిన మీసెంకైమల్ కణాలా, అప్పుడే తీసిన మజ్జ ద్రవమా?
5. చికిత్స లేకుండానే కొంత కోలుకొనే అవకాశం ఉన్నప్పుడు, మేలు కణాల వలన జరిగిందని ఎలా నిర్ధారిస్తారు?

ఐదవ ప్రశ్న అన్నింటికన్నా ముఖ్యం. పరిధీయ నాడి తనంతట తాను రోజుకు మిల్లీమీటరు పెరుగుతూనే ఉంటుంది. ఆ సహజ మెరుగుదల చికిత్స ఖాతాలో జమ కావడం వలననే అనేక అపోహలు నిలిచి ఉన్నాయి.

క్షేత్రస్థాయిలో నాడీ రక్షణ

మూలుగ కణం నుండి నేర్చుకోవలసిన పాఠం కాలానికి సంబంధించినది. కణం చనిపోక ముందు చేసిన సాయమే సాయం. ఆ కాలం వైద్యుని చేతికన్నా ముందు పొలంలోనే మొదలవుతుంది. కాబట్టి నాడీ రక్షణలో విస్తరణ సేవలకు గల పాత్ర చిన్నది కాదు.

చెరకులో మందు అవసరాన్నే తగ్గించవచ్చు. జనవరి, ఫిబ్రవరి మాసాలలో ముందుగా నాటడం, నాటిన తరువాత హెక్టారుకు 3 టన్నుల చెరకు చెత్త కప్పడం పీక పురుగు ఉద్ధృతిని తగ్గిస్తాయి. ట్రైకోగ్రామా కిలోనిస్ గుడ్ల కార్డులు పురుగు గుడ్ల దశలోనే పనిచేస్తాయి. రుద్రూరు ప్రాంతీయ చెరకు, వరి పరిశోధన స్థానం ఈ ప్రాంత రైతులకు అందుబాటులో ఉన్నది. ఏ పురుగు ఏ స్థాయికి చేరితే మందు అవసరమో అక్కడి శాస్త్రవేత్తల సలహాతో నిర్ణయించాలి.

మందు తప్పనిసరి అయినప్పుడు డబ్బా మీది త్రికోణాన్ని చూపి బోధించాలి. ఎరుపు అత్యంత విషపూరితం. ఆ తరువాత క్రమంగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఫోరేట్, ట్రయజోఫాస్, డైక్లోర్‌వాస్ వంటివి 2020 డిసెంబరు 31 తరువాత దేశంలో నిషిద్ధం. మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావకంపై 2023లో నిషేధ ఉత్తర్వులు వెలువడ్డాయి. ఇంట్లో మిగిలిపోయిన పాత డబ్బాలను వాడకుండా చూడాలి. ఎత్తుగా పెరిగిన తోటలో తలకు మించి పిచికారీ చేస్తే మందు తుంపరలు ముఖం, మెడ, భుజాలపై పడతాయి. ఆర్గానోఫాస్ఫేట్లు చర్మం ద్వారా కూడా శరీరంలోకి ప్రవేశిస్తాయి. చేతితో కలపడం, నోటితో నాజిల్ ఊదడం, తడిసిన బట్టలతోనే పని కొనసాగించడం పూర్తిగా మానాలి.

విషప్రభావం కనిపిస్తే బట్టలు తీసివేసి, సబ్బు నీటితో శరీరాన్ని కడిగి, ఎడమ పక్కకు పడుకోబెట్టి, 108 వాహనంలో ఆసుపత్రికి తరలించాలి. సాయం చేసేవారు తమ చేతులకు మందు అంటకుండా చూసుకోవాలి. వాంతి చేయించే ప్రయత్నం చేయరాదు. మందు డబ్బాను గాని, దాని చీటీని గాని వెంట తీసుకువెళ్లాలి. వైద్యుడు చెప్పేవరకు, కనీసం మధ్యంతర దశ గడిచే నాలుగు రోజుల వరకు, ఇంటికి తీసుకురాకుండా కుటుంబానికి నచ్చజెప్పాలి. ప్రమాదవశాత్తూ కాక మనస్తాపంతో మందు తాగిన సందర్భాలూ ఉంటాయి. ఇంట్లో మందును తాళం వేసిన పెట్టెలో ఉంచడం, అటువంటి వ్యక్తికి నింద లేకుండా మానసిక వైద్య సహాయం అందేలా చూడడం కూడా ప్రాణరక్షణలో భాగమే.

ఆసుపత్రి నుండి వచ్చిన తరువాత ఐదు వారాల వరకు పాదాల తిమ్మిరి, పిక్కల నొప్పి, చెప్పు జారిపోవడం గమనించాలి. అవి కనిపిస్తే నాడీ వైద్యుని వద్ద నాడీ ప్రసరణ పరీక్ష చేయించాలి. ప్రతి తిమ్మిరీ పురుగుమందు వలన వచ్చినది కాదు. మధుమేహం, బి12 విటమిన్ లోపం, కుష్ఠు వ్యాధి కూడా నాడులను దెబ్బతీస్తాయి. వీటికి ప్రభుత్వ ఆసుపత్రులలోనే చికిత్స ఉన్నది. ఆలస్య నాడీ వ్యాధి నిర్ధారణ అయితే క్రమబద్ధమైన ఫిజియోథెరపీ, పాదం జారకుండా పట్టీ, స్పర్శ లేని పాదానికి గాయాల నుండి రక్షణ అవసరం. నాడి తిరిగి చేరే వరకు కండరాన్ని, కీలును సిద్ధంగా ఉంచడమే ఫిజియోథెరపీ ఉద్దేశం. కాలువకు నీరు వచ్చే వరకు పిల్లకాలువలు పూడిపోకుండా చూసినట్లే ఇది.

ముగింపు

ఎముక మజ్జ కణాలపై పరిశోధన ముగియలేదు. ఎక్సోసోములు, పోషక కారకాలను అధికంగా స్రవించే కణాలు, సరైన మోతాదు, సరైన సమయం అనే ప్రశ్నలపై పని కొనసాగుతున్నది. రేపు వాటిలో ఏదైనా నిరూపితమైతే, దానిని గ్రామానికి చేరవేసే పని కూడా విస్తరణ సేవలదే అవుతుంది. అంతవరకు చెప్పగలిగిన సత్యం ఇది: మూలుగ కణం చనిపోయిన నాడిని లేపదు, కొనఊపిరితో ఉన్న నాడికి అది తోడ్పడవచ్చునేమో గాని, మనిషిలో ఆ సంగతి ఇంకా నిరూపణ కాలేదు.

పొలం అమ్మడానికి సిద్ధపడిన ఆ ఊహాకుటుంబానికి విస్తరణ అధికారి ఇవ్వగల సమాధానం రెండు భాగాలుగా ఉంటుంది. పొలం అమ్మవద్దు, ఆ చికిత్స ఇంకా పరీక్ష దశలో ఉన్నది, పరీక్షకు డబ్బు కట్టనవసరం లేదు. ఆశ వదలవద్దు, నాడి నెమ్మదిగా పెరుగుతున్నది, ఏడాది పాటు వ్యాయామం, పాదరక్షణ, వైద్యుని పర్యవేక్షణ మానవద్దు. ఈ రెండు మాటలనూ కలిపి, ఒకదానికొకటి తగ్గకుండా చెప్పగలగాలి. మొదటి మాట ఒక్కటే చెబితే కుటుంబం నిరాశతో వ్యాయామం మానివేస్తుంది. రెండవది ఒక్కటే చెబితే ఆశను అమ్ముకొనేవారి వద్దకు వెళుతుంది.